మళ్ళీ అదే కంపెనీ బండి కొంటారా? ఎందుకు? బండి నడపడంలో అసలు మజా ఎక్కడుంది? (చర్చ)

గోదావరి_గట్టు (రావులపాలెం)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇప్పటిదాకా కొన్నవన్నీ ఒకే కంపెనీ బళ్ళు. నాన్న హీరో హోండా సీడీ 100తో మొదలుపెట్టారు, తర్వాత స్ప్లెండర్, నాకు ఉద్యోగం వచ్చాక ప్యాషన్. ఏ షోరూమ్‌కి వెళ్దాం అనే ప్రశ్నే ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు 350 నుంచి 450 సీసీ మధ్యలో ఒకటి తీసుకుందామనుకుంటున్నా. మొదటిసారి నా ఇష్టం మీద కొంటున్న బండి ఇది.

ఏ బండి కొనాలి అని అడగడం లేదు, ఆ చర్చలు ఇక్కడ బోలెడు ఉన్నాయి. ఒకే కంపెనీని పట్టుకుని ఉన్నవాళ్ళు ఎందుకు పట్టుకున్నారు, వదిలేసినవాళ్ళు ఎందుకు వదిలేశారు? అది ఒకటి. బండి నడుపుతుంటే మీకు నిజంగా సంతోషం ఇచ్చేది ఏమిటి? ఇది రెండోది. పొద్దున్నే ధవళేశ్వరం వైపు గట్టు రోడ్డు మీద స్ప్లెండర్ వేసుకుని వెళ్తుంటే నాకు కలిగే హాయి, ఫ్రెండ్ పెద్ద బండి తీసుకుని హైవే ఎక్కినప్పుడు కలగలేదు. అందుకే ఈ అనుమానం.

పాత_బుల్లెట్ (కర్నూలు)

ఒకే కంపెనీని పట్టుకున్నవాణ్ణే నేను. ఎందుకో చెప్తాను.

నేను బండి నేర్చుకున్నది మా పెదనాన్నగారి స్టాండర్డ్ 350 మీద. అప్పట్లో బుల్లెట్‌కి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. సెల్ఫ్ లేదు. తాళం తిప్పి, కిక్కు రాడ్డు మెల్లగా తొక్కుతూ హెడ్‌లైట్ పైన ఉన్న ఆంపియర్ మీటర్ ముల్లును చూడాలి. ముల్లు కదిలి సరిగ్గా మధ్యకు వచ్చి నిలబడితే పిస్టన్ పైకి చేరినట్టు. అక్కడ హ్యాండిల్ ఎడమ పక్కనున్న డీకంప్రెషన్ లివర్ (ఇంజిన్ లోపలి ఒత్తిడిని వదిలించేది) నొక్కి, కిక్కును ఇంకాస్త కిందికి దించి, లివర్ వదిలేయాలి. రాడ్డు పైకి వచ్చాక నిండుగా ఒక్క తొక్కు తొక్కితే చాలు, ఇంజిన్ అందుకుంటుంది. ముల్లు చూడకుండా తొందరపడితే కిక్కు ఎదురు తంతుంది, పిక్క వాచిపోతుంది. మా వీధిలో ఈ పని చేతనైనవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. అలా నేర్చుకున్న బండిని వదలబుద్ధి కాదు.

కంపెనీ సంగతికొస్తే, రాయల్ ఎన్‌ఫీల్డ్ అనేది ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో పుట్టిన పేరు. మన సైన్యానికి బళ్ళు కావాల్సి వచ్చి, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఇక్కడ తయారీ మొదలుపెట్టారు. తర్వాత తిరువొత్తియూర్ ఫ్యాక్టరీ దానికి సొంతిల్లయింది. అక్కడ పుట్టింట్లో మూతపడింది, ఇక్కడ బతికింది. 1990లలో ఐషర్ వాళ్ళ చేతికి వచ్చింది. గేర్లు ఎడమకాలికి మారాయి, 2009లో క్లాసిక్ యూసీఈ ఇంజిన్‌తో (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే రకం) వచ్చింది, 2020లో మీటియోర్ 350తో జె సిరీస్ ఇంజిన్ వచ్చింది. ఈ కొత్త ఇంజిన్‌లో బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉండటంతో చేతులకు తిమ్మిరి పట్టదు. మంచి మార్పే. కానీ నేను ప్రేమించిన బండికీ దానికీ పేరు తప్ప కలిసేది తక్కువ.

నడపడంలో మజా అంటారా, నాకది అరవై, డెబ్బై స్పీడులోనే ఉంది. ఆత్మకూరు దాటి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే నల్లమల దారిలో టాప్ గేర్‌లో వదిలేస్తే ఇంజిన్ ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడుతుంది. అంతకు మించి స్పీడు వెళ్తే అడవి కనపడదు.

డ్యూక్_కడప

అన్నా, మీ మమకారాన్ని గౌరవిస్తూనే అడుగుతున్నా. కంపెనీ అంటే ఎవరు?

కేటీఎం అంటే ఆస్ట్రియా అంటారు, నా 390 డ్యూక్ తయారైంది పుణె దగ్గర చకన్‌లో, బజాజ్ ఫ్యాక్టరీలో. ట్రయంఫ్ అంటే ఇంగ్లండ్, 2023లో వచ్చిన స్పీడ్ 400 కూడా చకన్‌దే. బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ హోసూరులో టీవీఎస్ వాళ్ళు చేశారు, అదే ఇంజిన్ కుటుంబం అపాచీ ఆర్ఆర్ 310లోనూ ఉంది. హార్లే ఎక్స్ 440 చేసేది హీరో. ట్యాంకు మీద పేరు ఒకరిది, బిగించిన చేతులు ఇంకొకరివి. పల్సర్‌ని చిన్నచూపు చూసి డ్యూక్‌ని నెత్తిన పెట్టుకునే కుర్రాళ్ళకు ఇది చెప్తే నమ్మరు.

అందుకే నాకు కంపెనీ పట్టింపు లేదు. యాక్సిలరేటర్ తిప్పగానే అందుకోవాలి, బ్రేకు పట్టిన చోట ఆగాలి, వంగమన్నంత వంగాలి. మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడు ఈ మూడూ తెలిసిపోతాయి. కొండ ఎత్తు 1,265 మీటర్లు, పైకి పోయే కొద్దీ మలుపులు దగ్గరవుతాయి. మలుపులోకి వెళ్ళకముందే గేరు దించుకుని, సగం మలుపు దాటాక మెల్లగా రైజ్ చేస్తే వెనక టైరు రోడ్డును అంటిపెట్టుకుని తోస్తుంది. ఆ తోపు నడుముకు తెలుస్తుంది. నా ఆనందం అదే.

125 సీసీ దాటిన బళ్ళకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది కాబట్టి బ్రేకుల విషయంలో ఇప్పుడు పెద్ద భయం లేదు. అంతకుముందు బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవాళ్ళు మాత్రం ఉందో లేదో చూసుకోండి.

మందుల_బ్యాగు (రాజమండ్రి)

నేను మెడికల్ రెప్‌ని. రోజంతా బండి మీదే. నా లెక్క వేరు.

డాక్టర్ గారి దగ్గర టైమ్‌కి ఉండాలి. ఏజెన్సీలో చింతూరు వైపు వెళ్ళిన రోజు మారేడుమిల్లి ఘాట్‌లో బండి ఆగితే ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. ఆ దారిలో టెన్షన్ లేకుండా వెళ్ళగలగడమే నాకు ఆనందం. స్ప్లెండర్ 1994లో వచ్చింది. ఆ 97.2 సీసీ ఇంజిన్ గురించి తెలియని మెకానిక్ గోదావరికి ఇటు ఒడ్డునా అటు ఒడ్డునా లేడు. ఏ పల్లెలో ఆగినా క్లచ్ వైరో ప్లగ్గో దొరుకుతుంది.

ఒక్క ప్రశ్న మాత్రం నన్ను చాలాకాలం వేధించింది. 2010 డిసెంబరులో హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించారు. అప్పుడు మాలాంటివాళ్ళు ఎటు? స్ప్లెండర్ పేరు హీరోకి మిగిలింది. హోండాకి ఇక్కడ 1999 నుంచే సొంత కంపెనీ ఉంది, యాక్టివా, యూనికార్న్, షైన్ వాళ్ళవి. మా ఆఫీసులో ఇంజిన్ హోండాది కాబట్టి హోండాయే అని కొందరు, మన ఊరి డీలర్ హీరో కాబట్టి హీరోయే అని కొందరు వాదించుకున్నారు. నేను డీలర్ వైపు వెళ్ళాను. అప్పుడే నాకు అర్థమైంది, నేను నమ్మింది మా డీలర్ దగ్గర స్పేర్ల కౌంటర్‌లో కూర్చునే పెద్దాయన్ని. ఆయన అడగకుండానే పార్టు తీసిచ్చేవారు.

మన్యం_దారి (విశాఖ)

నేను ఐదడుగుల ఒక అంగుళం అమ్మాయిని. కంపెనీ మీద అభిమానం పెంచుకునే ముందు నాకు కాళ్ళు నేలకు ఆనాలి.

ఈ చర్చల్లో సీసీలు, హార్స్ పవర్లు రాస్తారు గానీ సీటు ఎత్తు ఎవరూ రాయరు. రాయల్ ఎన్‌ఫీల్డ్‌నే తీసుకోండి, మీటియోర్ సీటు 765 మిల్లీమీటర్లు, హంటర్ 350 అయితే 790, క్లాసిక్ 805, హిమాలయన్ 450 అయితే 825. ఒకే కంపెనీలోనే ఇంత తేడా. క్లాసిక్ బరువు 195 కిలోలు, హంటర్ 181. వాలుగా ఉన్న చోట బండి ఆపి ఒక కాలు ఆనించాల్సి వచ్చినప్పుడు ఆ పద్నాలుగు కిలోలూ, ఆ అంగుళంలో సగమూ తెలుస్తాయి. సీటు వెడల్పు కూడా ముఖ్యం. కాగితం మీద ఎత్తు తక్కువ ఉన్నా సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కకు జరిగి కాలు అందదు.

బండి కొనడానికి వెళ్ళినప్పుడు ఒక షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి ప్రతి మాటా నా పక్కనున్న తమ్ముడితోనే మాట్లాడాడు. డబ్బు కట్టేది, నడిపేది నేను. టెస్ట్ రైడ్ తాళం కూడా వాడి చేతికే ఇచ్చాడు. పేరు ఎందుకు గానీ, ఇంట్లో అందరికీ ఇష్టమైన కంపెనీ అది. ఆ రోజే లేచి వచ్చేశాం. ఇంకో చోట ఒకావిడ నన్ను సీటు మీద కూర్చోబెట్టి, బూట్లతో ఒకసారి, చెప్పులతో ఒకసారి కాళ్ళు ఆనించి చూడమంది. అక్కడే కొన్నాను. ఇప్పుడు మా కజిన్లకీ అదే షోరూమ్ చెప్తున్నా. కంపెనీలు అభిమానం కోసం ప్రకటనలకు కోట్లు ఖర్చుపెడతాయి, ఆవిడ చేసిన పనికి పైసా ఖర్చు లేదు.

ఆనందం అంటే నాకు అరకు ఘాట్ దిగడం. ఎక్కడం కాదు, దిగడం. అందరూ ఎక్కేటప్పుడు సరదా అంటారు. గాలికొండ దగ్గర టీ తాగి, కాఫీ తోటల మధ్య నుంచి అనంతగిరి, శివలింగపురం వైపు రెండో గేరులో, మూడో గేరులో దిగుతుంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద వేళ్ళు ఊరికే ఆనించి ఉంచితే చాలు. న్యూట్రల్‌లో పెట్టి జార్చేవాళ్ళను చూస్తే మాత్రం భయమేస్తుంది. దయచేసి ఎవరూ అలా చేయకండి. కిందికి వచ్చేసరికి బ్రేకులు వేడెక్కి పట్టవు.

టూస్ట్రోక్_హన్మకొండ

యమహా ఆర్ఎక్స్ 100 గురించి ఇంకా ఎవరూ రాయలేదేంది!

1985లో వచ్చింది, 1996లో ఆగింది. 98 సీసీ, 11 హార్స్ పవర్, బరువు వంద కిలోలకు కొంచెం అటూ ఇటూ. టూ స్ట్రోక్ కాబట్టి ప్రతి చుట్టుకూ ఒక పేలుడు. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకటే. అందుకే ఆ చిన్న బండికి అంత పికప్. అదే కాలంలో ఇండ్ సుజుకి, కవాసాకి బజాజ్ కూడా ఉండేవి, వాటికీ అభిమానులున్నారు. కానీ ఆర్ఎక్స్‌ది వేరే లెక్క. కంపెనీ ఆపేసి ఇన్నేళ్ళయినా మనుషులు ఆపలేదు.

ఈ అభిమానంలో కంపెనీకి ఇప్పుడు పైసా లాభం లేదు. ఒరిజినల్ పార్టులు దొరకడం కష్టం, డూప్లికేట్ పిస్టన్ కిట్లు ఎక్కువ. మేమంతా ఒక వాట్సాప్ గ్రూపులో ఉంటం. ఎవరి దగ్గర ఏ సామాను ఉందో అందులో తెలుస్తది. ఒకసారి రాత్రి జనగామ దగ్గర నా క్లచ్ వైర్ తెగింది. గ్రూపులో పెడితే, అంతకుముందు నేనెన్నడూ చూడని ఒక అన్న అదే ఊరి నుంచి వైరు, ప్లయరు పట్టుకుని వచ్చిండు. వైరు వేసినంక చాయ్ తాగించి మరీ పంపిండు. ఆయనది రెడ్, నాది బ్లాక్. ఇగ ఈ బండిని నేనెట్లా అమ్ముత?

కొనాలనుకునే తమ్ముళ్ళకు ఒక మాట. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్నయా లేదా చూడకుండా అడ్వాన్సు ఇయ్యకండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చినంక పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ ఓ రింగులు మీద కన్నేసి ఉంచండి. నెలల తరబడి నడపకపోతే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

స్పానర్_సెట్ (ఖమ్మం)

నాకు మెకానిక్ షాపు ఉంది. అన్ని కంపెనీల బళ్ళూ వస్తాయి. మీరందరూ రాసింది చదివాక ఒకటి చెప్పాలనిపించింది.

"ఈ బండి మీద మజా పోయిందన్నా, అమ్మేసి వేరే కంపెనీది తీసుకుంటా" అని వచ్చేవాళ్ళు చాలామంది. నేను వెంటనే ఒప్పుకోను. ముందు బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, వెనక ఒకరిని బరువు వేయమని, ముందు చక్రం గాల్లోకి లేపుతాను. హ్యాండిల్‌ని ఒక్క వేలితో ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతాను. నూనె రాసినట్టు తిరగాలి. చాలా బళ్ళలో సరిగ్గా మధ్యకు వచ్చేసరికి చిన్నగా పట్టుకుంటుంది, గాడిలో పడ్డట్టు. అంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే గోళీల బేరింగ్) పోయింది. గోళీలు ఏళ్ళ తరబడి ఒకే చోట దెబ్బలు తిని కప్పులో గుంటలు పడతాయి. అలాంటి బండి తిన్నగా వెళ్ళేటప్పుడు పాములా మెలికలు తిరుగుతుంది, మలుపులో మొండికేస్తుంది. నడిపేవాడికి కారణం తెలియదు, భుజాలు బిగబట్టి నడుపుతాడు. గంటలో మెడ నొప్పి. తిట్టేది కంపెనీని. ఇంకా, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ కింది భాగం రెండు చేతులతో పట్టి ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమని చప్పుడు వస్తే బేరింగ్ లూజు. ఇదీ చూడాలి.

తర్వాత టైర్లు. పెట్రోల్ బంకులో అబ్బాయి అన్ని బళ్ళకూ ఒకటే గాలి కొడతాడు. మీ బండికి ఎంత కావాలో చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది, ఒంటరిగా అయితే ఎంత, డబుల్స్ అయితే ఎంత అని. గాలి ఎక్కువైతే ప్రతి గతుకూ నడుముకు తగులుతుంది. తక్కువైతే మలుపులో బండి బరువెక్కుతుంది. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

చైన్ చూడండి. మామూలు బళ్ళకు పైకీ కిందికీ కలిపి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి, మీ బండి పుస్తకంలో సరైన అంకె ఉంటుంది. వెనక చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి. ఒక చోట బిగుతు, ఒక చోట వదులు ఉంటే చైను ఎగుడుదిగుడుగా సాగింది, సెట్ మార్చాల్సిందే. అలాంటి చైనుతో గేరు మారినప్పుడల్లా కుదుపు వస్తుంది, దాన్ని ఇంజిన్ తప్పు అనుకుంటారు.

ఇంకో విషయం ఆయిల్. కొందరు కారుకు మిగిలిన ఆయిల్ బండిలో పోస్తారు. మన బళ్ళలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైకుల ఆయిల్‌కి ఉండే జపాన్ ప్రమాణం) అని లేకపోతే క్లచ్ జారొచ్చు.

ఇవన్నీ చేశాక అదే మనిషి, అదే బండి, ఖమ్మం నుంచి పాలేరు దాకా వెళ్ళి వచ్చి "అన్నా, ఇది వేరే బండిలా ఉంది" అంటాడు. అమ్మే ఆలోచన పోతుంది. కంపెనీ మీద అభిమానం అని మీరు అంటున్నదాంట్లో సగం బాగా చూసుకున్న బండి మీద అభిమానమే. సరిగ్గా చూసుకోని బండి ఏ కంపెనీదైనా విసుగే తెప్పిస్తుంది.

డ్యూక్_కడప

స్పానర్ అన్నా, ఈ పోస్టును సేవ్ చేసి పెట్టుకున్నా. కోన్ సెట్ టెస్ట్ రేపే చేస్తా.

టెక్సాస్_తెలుగు (డాలస్)

ఇక్కడి సంగతి కూడా కొంచెం. నాది హార్లే స్పోర్ట్‌స్టర్. కంపెనీ అభిమానం అంటే ప్రపంచంలో అందరూ ముందు చెప్పే పేరు ఇదే. కానీ అది ఊరికే రాలేదు. 1969లో ఏఎంఎఫ్ అనే సంస్థ హార్లేని కొన్నది. ఆ రోజుల్లో నాణ్యత పడిపోయి, పాత అభిమానులే మొహం చాటేశారు. 1981లో కంపెనీలోని పదమూడు మంది అధికారులు కలిసి దాన్ని తిరిగి కొనుక్కున్నారు. 1983లో ఓనర్ల గ్రూపు పెట్టారు, అందరూ హాగ్ అంటారు. బండి అమ్మాక కూడా ఓనరుతో కలిసి తిరిగే ఏర్పాటు అది. ఇక్కడ నాకు మొదటి స్నేహితులు దొరికింది ఆ రైడ్లలోనే. టైరు పంక్చరైనప్పుడు ఆగేవాళ్ళు, పండక్కి ఇంటికి పిలిచేవాళ్ళు వాళ్ళు.

అదే కంపెనీ ఇండియాలో 2020 సెప్టెంబరులో తయారీ, అమ్మకాలు ఆపేస్తామని ప్రకటించింది. హర్యానాలోని బావల్ ఫ్యాక్టరీ మూతపడింది. అక్టోబరు చివర్లో హీరోతో ఒప్పందం కుదిరింది కాబట్టి సర్వీసుకు దారి దొరికింది. మనం కంపెనీకి కట్టుబడ్డట్టు కంపెనీ మనకు కట్టుబడదు. అందుకే కొనే ముందు మీ ఊళ్ళో సర్వీసు ఎవరు చేస్తారో, స్పేర్లు ఎన్ని రోజుల్లో వస్తాయో తప్పకుండా అడగండి. బండి తప్పేం లేకపోయినా పార్టు కోసం రెండు నెలలు మూలన పడితే ప్రేమ తగ్గిపోతుంది.

డాలస్ చుట్టూ రోడ్లన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. మలుపుల కోసం లీకీ ఊరి దగ్గరి 335, 336, 337 నంబర్ల రాంచ్ రోడ్లకు గంటల తరబడి వెళ్ళాలి. మీకు ఇంటికి దగ్గరలోనే నల్లమల, అరకు, మారేడుమిల్లి ఉన్నాయి. నాకు అసూయగా ఉంది.

పాత_బుల్లెట్ (కర్నూలు)

డ్యూక్ తమ్ముడూ, కంపెనీ అంటే ఎవరు అని అడిగావు. మంచి ప్రశ్న. టూస్ట్రోక్ తమ్ముడు జనగామ అన్న గురించి రాసింది చదివితే నాకు జవాబు దొరికింది. మా కర్నూల్లో కాస్ట్ ఐరన్ ఇంజిన్ విప్పగలిగిన ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నారు. ఆయన షాపు ఉన్నన్నాళ్ళూ నా బండి మారదు. ఆ తర్వాత కొత్తది కొనాల్సి వస్తే మాత్రం అదే కంపెనీ అని ఇప్పుడే మాట ఇవ్వలేను. నీ డ్యూక్ మీద ఒక రౌండ్ వేయించు, చూద్దాం.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వచ్చేవాళ్ళకు ఒక సూచన. అమ్రాబాద్ అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రాకపోకలు ఆపేస్తారు. మన్ననూరు గేటు దగ్గరికి ఆలస్యంగా చేరేలా ప్లాన్ చేసుకోకండి. ఆ గేటు అందుకోవాలని డిండి నుంచి పరుగులు పెట్టి పడినవాళ్ళు ఉన్నారు.

గోదావరి_గట్టు (రావులపాలెం)

అందరికీ చాలా థాంక్స్. ఈ ఆదివారం మూడు షోరూముల్లో టెస్ట్ రైడ్‌కి చెప్పాను. ముందు మా ఊళ్ళో ఎవరు సర్వీసు చేస్తారో కనుక్కుని, వాళ్ళ దగ్గరే అడిగాను. మన్యం అక్కా, ఒక సందేహం. షోరూమ్ వాళ్ళు ఐదు నిమిషాలు హైవే మీద తిప్పి చాలంటారు. అంత తక్కువ టైమ్‌లో ఏం చూడాలి? స్పానర్ అన్నా, మీరూ చెప్పండి.

స్పానర్_సెట్ (ఖమ్మం)

ఎక్కే ముందు టైర్లలో గాలి చూపించమని అడుగు. టెస్ట్ రైడ్ బళ్ళలో గాలి సరిగ్గా ఉండదు, బండి మీద తప్పుడు అభిప్రాయం వస్తుంది. అద్దాలు, క్లచ్ లివర్ నీ చేతికి తగ్గట్టు సర్దించుకో.

మన్యం_దారి (విశాఖ)

తమ్ముడూ, హైవే వద్దను. సందుల్లో తిప్పనివ్వమని అడుగు. మొదటి గేరులో నడక స్పీడుతో, కాళ్ళు దించకుండా యూటర్న్ తీసుకో. బరువు ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది. ఇంజిన్ ఆపేసి బండిని చేత్తో వెనక్కి తోసి చూడు, మీ ఇంటి గేటులో రోజూ చేసే పని అదే కదా. వెనక సీటు మీద ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఒక స్పీడ్ బ్రేకర్ దాటు. ఎంతసేపు అడిగినా విసుక్కోని షోరూమ్ ఏదో గుర్తుపెట్టుకో. మూడూ నడిపాక ఇక్కడ రాయి, సీటు ఎత్తుతో సహా.